ఒక్కో పెల్లెట్ తూచి వేరు చేశాను, అయినా తొమ్మిదులు ఆగడం లేదు. ఇంకేం చూడాలి?

పర్లాకిమిడి నాన్న | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, గాలి ఒత్తిడితో చిన్న సీసం గుళ్లు, అంటే పెల్లెట్లు, కాల్చేది. మా పాత ధాన్యం గోదాములోనే దూరం కొలిచి, తెలిసినవాళ్ల దగ్గర ఒక పాత ఎలక్ట్రానిక్ టార్గెట్ కొని పెట్టాను. వచ్చే నెల భువనేశ్వర్‌లో పోటీ. అరవై షాట్లకి 610, 612 దగ్గర కొన్నాళ్లుగా ఆగిపోయింది.

బాధేమిటంటే 10.3, 10.6, 10.5 అని వరసగా పడుతుంటాయి. ఉన్నట్టుండి ఒకటి 9.4. ఇలా పది లోపు పడేవాటినే తొమ్మిదులంటున్నాను. పిల్ల రైఫిల్ దించి నా మొహం చూస్తుంది. పక్కనే నిలబడి చూస్తున్నాను కదా, కదల్లేదు, ట్రిగర్ గుంజలేదు. అరవైలో ఇలాంటివి ఐదారు. అవి లేకపోతే 617 దాటేది.

మా బావమరిది అమెరికాలో 600 గజాల రైఫిల్ పోటీలు ఆడతాడు. తూటాల ఇత్తడి కేసులు (మందు, బుల్లెట్ పట్టుకునే గొట్టాలు) ఒక్కొక్కటీ కాటా మీద పెట్టి వేరు చేస్తాడు. అది చూసి నాకూ ఆలోచన వచ్చింది. బరంపురం వెళ్లి, రత్నాలు తూచే మిల్లీగ్రాము కాటా కొన్నాను. రెండు రాత్రులు భోజనాల బల్ల మీద కూర్చుని డబ్బాలోని 500 పెల్లెట్లూ తూచాను. డబ్బా మీద 0.53 గ్రాములు అని ఉంది. నాకు 0.524 నుంచి 0.536 దాకా వచ్చాయి. నాలుగు గిన్నెల్లోకి వేరు చేసి, మధ్య రెండు గిన్నెల్లోవి మాత్రమే వారం రోజులు ఇచ్చాను. తొమ్మిదులు తగ్గలేదు సరికదా, ఒకటి రెండు పెరిగినట్టు కూడా ఉన్నాయి.

ఇంకా సన్నగా వేరు చెయ్యాలా? కాటా మంచిది కాదా? పిల్లకి టెన్షన్ మొదలైంది, నాకూ మొదలైంది. తెలిసినవాళ్లు చెప్పండి.

దెగ్లూర్ రైఫిల్ | ఆదివారం, రాత్రి 10:15

అన్నా, నేను 50 మీటర్ల .22 ఆడతాను. ఎయిర్ రైఫిల్ వదిలి నాలుగేళ్లయింది, కానీ మీ కష్టం నాకు తెలుసు.

.22 తూటాని విప్పి సర్దుకోవడం కుదరదు. ప్రైమర్ మందు, అంటే దెబ్బకి నిప్పు పుట్టించేది, దాని అంచులోనే పోసి ఉంటుంది, ఒకసారి కాల్చాక ఆ కేసు పని అయిపోయినట్టే. అందుకని మా చేతిలో ఉన్నది ఒక్కటే, ఏ లాట్ (ఒకేసారి తయారైన తూటాల విడత) మన బ్యారెల్‌కి పడుతుందో కాల్చి చూసుకోవడం. అదే కంపెనీ, అదే పేరు, అయినా లాట్ నంబరు మారితే గ్రూప్, అంటే షాట్లు పడే గుంపు, మారుతుంది. 50 మీటర్ల టార్గెట్‌లో పది రింగు వెడల్పు 10.4 మి.మీ., వరసగా అందులోనే పడాలంటే లాట్ కుదరాల్సిందే. పారిస్‌లో 2024లో మా మహారాష్ట్ర కొల్హాపూర్ వైపు నుంచి వచ్చిన స్వప్నిల్ కుసాలే కంచు తెచ్చింది ఈ 50 మీటర్ల రైఫిల్‌లోనే. ఆ స్థాయిలో ఎవరూ లాట్ పరీక్ష లేకుండా లైనులో నిలబడరు.

మీ డబ్బా మీద లాట్ నంబరు, తల సైజు చూడండి. 4.49, 4.50, 4.51 అని చిన్న స్టిక్కరు ఉంటుంది. ఇంకో ప్రశ్న. తూచినవి వేసిన గిన్నెలు ఏ గిన్నెలు? ఎలా వేశారు?

రాయగడ లెక్కల మేస్టారు | సోమవారం, ఉదయం 6:20

బాబూ, కాటా మంచిదే. ముందు ఆ తూకంలోని తేడా కాగితం మీద ఎంత జరుపుతుందో లెక్క వేసుకోవాలి. నేను వేశాను, చూడండి.

మ్యాచ్ ఎయిర్ రైఫిల్ నుంచి పెల్లెట్ సుమారు సెకనుకు 170 మీటర్ల వేగంతో వస్తుంది. పది మీటర్లు దాటడానికి దాదాపు 0.06 సెకను. ఆ కాస్తలో భూమి దాన్ని పదిహేడు, పద్దెనిమిది మిల్లీమీటర్లు కిందికి లాగుతుంది. అది ప్రతి పెల్లెట్‌కీ ఉండేదే కాబట్టి సైటు సర్దినప్పుడే సరిపోయింది. మనకు కావలసింది ఒక పెల్లెట్‌కీ ఇంకో పెల్లెట్‌కీ మధ్య తేడా.

గాలి ఇచ్చే శక్తి ఒకటే అనుకోండి. బరువు ఒక శాతం పెరిగితే వేగం అర శాతం తగ్గుతుంది. గాల్లో ఉండే సమయం అర శాతం పెరుగుతుంది. పడే ఎత్తు సమయం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది ఒక శాతం పెరుగుతుంది. పదిహేడున్నర మిల్లీమీటర్లలో ఒక శాతం అంటే 0.2 కూడా లేదు. మీ డబ్బాలో అతి తేలికదానికీ అతి బరువుదానికీ తేడా 0.012 గ్రాములు, అంటే రెండుంపావు శాతం. కాగితం మీద 0.4 మి.మీ.

ఇక టార్గెట్ వైపు నుంచి చూడండి. పది చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, పెల్లెట్ 4.5. చుక్క అంచుని పెల్లెట్ అంచు తాకితే చాలు కాబట్టి, పెల్లెట్ నడిబొడ్డు టార్గెట్ నడిబొడ్డుకి 2.5 మి.మీ. దూరంలో ఉంటే 10.0. అక్కడినుంచి అటూ ఇటూ ప్రతి 0.1కీ పావు మిల్లీమీటరు. 9.4 అంటే దాదాపు 4 మి.మీ. దూరం.

మీ డబ్బాలోని రెండు కొసలూ కలిపినా వచ్చేది 0.4. మీ అమ్మాయికి తప్పుతున్నది 4. మహా అయితే పదో వంతు. బరువు వల్ల ఇది రావడం కుదరదు.

ఇంకో సంగతి. బరువు తేడా పెల్లెట్‌ని పైకో కిందికో జరుపుతుంది, పక్కకి జరపదు. ఆ 9.4లు ఎటు పడుతున్నాయో గమనించారా?

పర్లాకిమిడి నాన్న | సోమవారం, రాత్రి 8:50

మేస్టారూ, మీ లెక్క రెండుసార్లు చదివాను, అమ్మాయి చేత కూడా వేయించాను. సెలవుల తర్వాత దానికి లెక్కల పరీక్ష ఉంది, అదీ కలిసొచ్చింది.

టార్గెట్ మెషీన్లో దాచిన షీట్లు తీశాను. ఈ నెలలో పది లోపు పోయినవి, పిల్ల తన తప్పు కాదన్నవి 23. వాటిలో 9 కుడి పక్క, కాస్త పైన. మిగతా 14 చెల్లాచెదురు, ఒక దిక్కంటూ లేదు. నేను ఇన్నాళ్లూ స్కోరు చూశాను గానీ దిక్కు చూడలేదు.

దెగ్లూర్ తమ్ముడూ, తల సైజు 4.50. గిన్నెలు స్టీలువి, పిల్లలకి ఉప్మా పెట్టే చిన్న గిన్నెలు. చిమటాతో కాటా మీద పెట్టి, తూకం చూసి, గిన్నెలోకి వదిలేవాణ్ణి. టంగుమని శబ్దం వచ్చేది.

దెగ్లూర్ రైఫిల్ | సోమవారం, రాత్రి 9:05

అన్నా, ఆ శబ్దమే చెబుతోంది. పెల్లెట్ మెత్తని సీసం. వెనక స్కర్ట్, అంటే బోలుగా ఉండే భాగం, గోడ చాలా పలచన. స్టీలు మీద పడితే అంచు నొక్కుకుంటుంది, కంటికి కనబడదు. తూచి వేరు చేసేటప్పుడే కొన్ని పాడై ఉంటాయి. మీ తొమ్మిదులు పెరిగినట్టు అనిపించిందన్నారు కదా, అందుకే అడిగాను.

ఒక పని చెయ్యండి. అద్దం ముక్క, అంచు అరగదీసినది, బల్ల మీద పెట్టి ఒక పక్క కింద మడిచిన కాగితం పెట్టండి, చాలా కొద్దిగా వాలితే చాలు. పై అంచు దగ్గర పెల్లెట్‌ని పక్కకి పడుకోబెట్టి వదలండి. పెల్లెట్ తల కంటే వెనక అంచు కాస్త పెద్దది, అందుకే తిన్నగా రాదు, గంటని పడుకోబెట్టి దొర్లించినట్టు వంపు తిరుగుతూ వస్తుంది. మంచివన్నీ ఒకే వంపు తిరిగి అద్దం కింద ఒకే చోటికి చేరతాయి. అంచు నొక్కుకున్నది దొర్లుతూ దొర్లుతూ ఎగిరెగిరి పడుతుంది, లేదా మధ్యలో ఆగిపోతుంది. తల సైజు తేడా ఉన్నది బాగానే దొర్లుతుంది గానీ వేరే చోటికి చేరుతుంది. ఇరవై చూసేసరికి కన్ను అలవాటు పడుతుంది. కాటాతో రెండు రాత్రులు పట్టింది ఇక్కడ గంటలో అవుతుంది.

కింద మాత్రం పాత తువ్వాలు పరవండి.

సిరొంచ కోచ్ | మంగళవారం, ఉదయం 7:30

అన్నగారూ, ముందు భోజనాల బల్ల సంగతి. సీసం చేతికి అంటుకుంటుంది, బల్లకీ అంటుకుంటుంది. పిల్లలున్న ఇల్లు. పెల్లెట్ల పనికి వేరే బల్ల, వేరే గుడ్డ పెట్టుకోండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగండి, తర్వాతే అన్నం. మా దగ్గర కొందరు పిల్లలు పెల్లెట్ పెదాల మధ్య పెట్టుకుని లోడ్ చేస్తారు. మీ అమ్మాయికి ఆ అలవాటు ఉంటే ఈ రోజే మాన్పించండి. ఉప్మా గిన్నెలు మళ్లీ ఉప్మాకి వాడొద్దు.

ఇక షాట్లు. చెల్లాచెదురుగా పోయినవి 14, ఒకే పక్కకి పోయినవి 9 అన్నారు. రెండూ ఒకే జబ్బు అనుకోవద్దు. చెదిరినవి పెల్లెట్లవి కావచ్చు. ఒకే పక్కకి పోయేవి ఎక్కువగా మనిషి వల్ల వస్తాయి. ఆ తొమ్మిదీ ఎన్నో షాట్ దగ్గర పడ్డాయో చూడండి. అమ్మాయి లోడ్ చేసేటప్పుడు పక్కనుంచి వీడియో తియ్యండి, చేతులు, భుజం కనబడేలా. మొహం అక్కర్లేదు.

కాశీనగర్ టెక్సస్ | మంగళవారం, మధ్యాహ్నం 12:10

బావా, అక్క చెబితే ఇక్కడికొచ్చి చదివాను. ఆ రోజు వీడియో కాల్‌లో మీకు కాటా ఒక్కటే చూపించాను. దాని ముందు చేసే పనంతా చూపించలేదు. మీరు రెండు రాత్రులు మేలుకోవడానికి కారణం నేనే. ఇప్పుడు మొత్తం రాస్తాను, మిగతావాళ్లకీ పనికొస్తుంది.

నేను ఆడేది .308 విన్‌చెస్టర్. తూటాలో బుల్లెట్, మందు, ప్రైమర్ ప్రతిసారీ కొత్తవి. మళ్లీ మళ్లీ వాడేది ఇత్తడి కేసు ఒక్కటే. కాబట్టి పాత తేడాలన్నీ మోసుకొచ్చేది అదే.

మొదట అడుగున ఉన్న ముద్ర చూసి వేరు చేస్తాను. ఏ కంపెనీ, ఏ లాట్, ఎన్నిసార్లు కాల్చినది, ఈ మూడూ కలిస్తేనే ఒక పెట్టె. మిలిటరీ 7.62 కేసులు పైకి అచ్చం .308 లాగే ఉంటాయి గానీ సాధారణంగా గోడ మందం, లోపల చోటు తక్కువ. అదే కొలత మందు అందులో పోస్తే ఒత్తిడి పెరుగుతుంది. ఈ రెండూ ఒక పెట్టెలో కలవడం గురి సమస్య కాదు, ప్రమాదం.

తర్వాత ఒక్కో కేసునీ దీపం కింద తిప్పుతాను. అడుగుకి కాస్త పైన చుట్టూ మెరిసే గీత కనబడితే అనుమానం. సన్నని తీగ తీసుకుని, కొస ఒక మిల్లీమీటరు వంచి, కేసు లోపలికి దించి గోడ వెంట మెల్లగా పైకి లాగుతాను. గోడ బాగుంటే తీగ నున్నగా జారి వచ్చేస్తుంది. లోపల పలచబడి గాడి పడి ఉంటే కొస అక్కడ చిక్కుకుని టక్కున ఆగుతుంది, వేలికి తెలుస్తుంది. ఆ కేసుని ఇంకోసారి కాలిస్తే అక్కడే రెండు ముక్కలవుతుంది. దాన్ని వెంటనే శ్రావణంతో నొక్కేస్తాను, పొరపాటున మళ్లీ పెట్టెలోకి రాకుండా.

మెడ మందం నాలుగు చోట్ల కొలుస్తాను. 0.05 మి.మీ. మించి తేడా ఉన్నది పోటీకి వాడను, ప్రాక్టీసుకి వేస్తాను. మెడ ఒక పక్క మందంగా ఉందంటే చాలాసార్లు కింద గోడ కూడా ఆ పక్కే మందంగా ఉంటుంది, బుల్లెట్ నిటారుగా కూర్చోదు. కాల్చే కొద్దీ మెడ ముందుకి సాగుతుంది కూడా. .308కి గరిష్ఠ పొడవు 51.18 మి.మీ., నేను 50.93కి కోస్తాను. పొడుగైపోతే మెడ అంచు ఛాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు) కొసకి గుద్దుకుని బుల్లెట్‌ని బిగపట్టేస్తుంది, అదీ ఒత్తిడి పెంచే పనే.

ఇక మెత్తబరచడం. కేసు ఇత్తడి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. కాల్చినప్పుడు ఉబ్బుతుంది, నేను డైలో (ఉక్కు అచ్చులో) పెట్టి నొక్కుతాను, మళ్లీ ఉబ్బుతుంది. ఇలా పని పడే కొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది. ఈ సంగతి నాకు అమెరికాలో కొత్తగా తెలియలేదు బావా. చిన్నప్పుడు తాతతో బూడితి వెళ్లినప్పుడు కంచరి ఆయన చెంబు కొడుతూ కొడుతూ మధ్యలో ఆపి పొయ్యిలో పెట్టడం చూశాను. ఎందుకని అడిగితే, "మొండికేసింది, ఇంకా కొడితే చీలుతుంది" అన్నాడు. మన గంజాం జిల్లా బెల్లగుంట ఇత్తడి చేప అన్ని ముక్కలుగా ఉండి బతికున్నట్టు ఒళ్లు వంచుతుందంటే, ఇత్తడి మనసు తెలిసిన చేతులవి. నేనూ అదే చేస్తాను, మెడా భుజమూ మాత్రం కొద్ది సెకన్లు వేడి చేస్తాను. అడుగుకి వేడి తగలనివ్వను. ఒత్తిడి మోసేది అడుగు, అది మెత్తబడితే మొహం మీదకి వస్తుంది.

ఇన్ని అయ్యాక కాటా. అది కూడా పూర్తిగా నమ్మను. కాటా చెప్పేది ఇత్తడి ఎంత ఉందో, నాకు కావలసింది లోపల చోటు ఎంత ఉందో. అడుగు దగ్గర గాడి కాస్త లోతుగా కోస్తే బరువు తగ్గుతుంది, లోపలి చోటు మారదు. అందుకే తూకంలో రెండు కొసల్లో ఉన్నవి కొన్ని తీసి, నీళ్లు నింపి, నీళ్లెంత పట్టాయో తూస్తాను.

ఇంత చెయ్యడం ఎందుకంటే, 600 గజాల్లో వేగం సెకనుకి 30 అడుగులు తేడా వస్తే బుల్లెట్ రెండున్నర అంగుళాలు పైకో కిందికో పోతుంది. వేగంలో అంతే శాతం తేడాకి మీ దగ్గర జరిగేది మేస్టారు చెప్పిన సగం మిల్లీమీటరు లోపే. దూరం ఉంది కాబట్టి నాకు కాటాతో పని. మీకు అద్దంతో పని.

కిన్వట్ కుర్రాడు | మంగళవారం, సాయంత్రం 5:45

టెక్సస్ అన్నా, ఇది చదివి చాలా నేర్చుకున్నా. మన దగ్గర కూడా ఇంట్లో కేసులు మళ్లీ నింపుకోవచ్చా? సామాను ఎక్కడ దొరుకుతుంది?

నిర్వాహకుడు | మంగళవారం, సాయంత్రం 6:10

తమ్ముడూ, కుదరదు. మన దేశంలో తూటాల తయారీకి 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 కింద వేరే లైసెన్సు కావాలి. తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఇంట్లో మందు పోసుకునే హక్కు రాదు. ఆయన రాసింది ఆయన ఉన్న చోటి పద్ధతి. ఇక్కడ సామాను ఎక్కడ దొరుకుతుందనే ప్రశ్నలకి జవాబులు ఉంచను, తీసేస్తాను. చర్చ పెల్లెట్ల మీద సాగనివ్వండి, చాలా బాగా వెళ్తోంది.

గోపాల్‌పూర్ తీరం | మంగళవారం, రాత్రి 9:30

కాటాని మరీ పక్కన పెట్టెయ్యకండి. ఒకసారి నాకు ఒక డబ్బాలో 0.49 ఉన్నది ఒకటి వచ్చింది. మేస్టారి లెక్క ప్రకారం అది మిల్లీమీటరు పైనే పైకి పోతుంది, అర పాయింటు పోయినట్టే. అలాంటి ఒంటరి పిట్టని పట్టుకోవడానికి కాటా కావాలి. నాలుగు గిన్నెలు మాత్రం అక్కర్లేదు.

మాది సముద్రం ఒడ్డు. మూత తీసి వారం వదిలేస్తే పెల్లెట్ల మీద తెల్లటి పొడి పడుతుంది. ఉప్పు గాలి. అవి దొర్లించినా లాభం లేదు, పారెయ్యాలి. డబ్బాని గట్టి మూత ఉన్న పెట్టెలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా పొట్లాలు నాలుగు వేసి పెడతాను. పర్లాకిమిడిలో అంత లేకపోయినా వానాకాలం చూసుకోండి.

రాయగడ లెక్కల మేస్టారు | మంగళవారం, రాత్రి 9:50

గోపాల్‌పూర్ వారి మాట సరైనదే. నేను ఆ డబ్బా గురించే చెప్పాను, అన్ని డబ్బాల గురించీ కాదు.

పర్లాకిమిడి నాన్న | శనివారం, రాత్రి 10:20

ఈ వారం జరిగింది రాస్తున్నాను.

అద్దం పరీక్ష. అమ్మ అలమర పాత అద్దం కోయించి అంచులు అరగదీయించాను. తూచిన గిన్నెల్లో మిగిలిన వాటిలోంచి 200 దొర్లించాను. 27 ఎగిరాయి, లేదా ఆగిపోయాయి. వాటిని భూతద్దం కింద చూస్తే వెనక గుండ్రని అంచు ఒక పక్క చదునుగా ఉంది, లోటాకి సొట్ట పడినట్టు. అదే లాట్ కొత్త డబ్బా తెరిచి, చేత్తో తియ్యకుండా మెల్లగా తువ్వాలు మీదకి ఒలిపి 200 దొర్లిస్తే 5 వచ్చాయి. ఆ 27 చూసినప్పుడు నాకు ఏమనిపించిందో రాయలేను. వారం రోజులు అవే ఇచ్చి, దాని కళ్లలోకి చూసి "ఏమైందమ్మా" అని అడిగాను.

బిగింపు పరీక్ష. మా వడ్రంగి తన పనిబల్ల తెచ్చిచ్చాడు. బ్యారెల్‌ని ముట్టుకోకుండా, కర్ర భాగాన్ని గొంగడి ముక్కల మధ్య బిగించాం. రకం మార్చిన ప్రతిసారీ మొదటి ఐదు షాట్లు లెక్కలోకి తీసుకోలేదు. ఒక్కో రకం కాగితం మీద పది పది. రంధ్రాల బయటి అంచు నుంచి బయటి అంచు దాకా వెర్నియర్‌తో కొలిచాను. దొర్లించి మంచివని తేలిన 4.50 పెల్లెట్లు 6.5 మి.మీ. తెలిసినవాళ్లిచ్చిన 4.49 సైజువి 7 మి.మీ. 4.51 8 దాటింది. అద్దం మీద ఎగిరినవి పది కావాలని కాల్చాను, 13 మి.మీ., అందులో రెండు మిగతా గుంపుకి పూర్తిగా బయటికి పోయాయి.

కాబట్టి చెదిరిన తొమ్మిదులకి జవాబు దొరికినట్టే. వీడియో సిరొంచ కోచ్ గారికి పంపాను.

దెగ్లూర్ రైఫిల్ | శనివారం, రాత్రి 10:40

అన్నా, పెల్లెట్ వెడల్పే 4.5. అంటే 6.5లో నిజమైన చెదురు రెండు మిల్లీమీటర్లే. రైఫిల్ చాలా బాగుంది. దానికి 4.50 నచ్చింది, ఆ లాట్ వదలకండి.

సిరొంచ కోచ్ | ఆదివారం, మధ్యాహ్నం 1:15

వీడియో చూశాను. రెండు సంగతులు.

మొదటి ముప్పై షాట్లు అమ్మాయి పెల్లెట్‌ని వేలి కొసతో లోపలికి తిన్నగా తోసి, కూర్చుందని తెలిశాక లివర్ మూస్తోంది. ముప్పై ఐదు దాటాక గోరుతో తట్టి వదిలేస్తోంది. పెల్లెట్ కాస్త వాలి ఉండగానే లివర్ మూసేస్తోంది. మంచి పెల్లెట్ అంచు కూడా అక్కడ నలుగుతుంది. మీరు అద్దం మీద ఎంత ఏరినా లాభం ఉండదు.

రెండోది, కుడి పక్కకి పోయే తొమ్మిదికి దీనితో సంబంధం లేదు. లోడ్ చెయ్యడానికి రైఫిల్ స్టాండ్ మీదకి దించి మళ్లీ ఎత్తినప్పుడు బట్ ప్లేట్ (రైఫిల్ వెనక భుజానికి ఆనే పలక) భుజంలో మొదటి చోట కూర్చోవడం లేదు, వేలెడు బయటికి వస్తోంది. అలసిపోయిన పిల్ల దాన్ని సర్దుకోకుండా మెడ వంచి సైటులోకి వస్తోంది. మీరు పక్కన నిలబడి చూసేది ట్రిగర్ వేలు, అందుకే మీకు తప్పు కనబడలేదు. మీ షీట్లలో ఆ తొమ్మిదిలో ఏడు నలభయ్యో షాట్ తర్వాతివే కదా.

వారం రోజులు స్కోరు కొట్టించకండి. ఇరవై ఇరవై షాట్లు, టార్గెట్ స్క్రీన్ మూసేసి. ప్రతి షాట్‌కీ బట్ కూర్చోబెట్టి, కళ్లు మూసి, ఒక ఊపిరి వదిలి, కళ్లు తెరిస్తే సైటు ఎక్కడుందో చూడమనండి. చుక్క మీద లేకపోతే చేతులతో లాగొద్దు, పాదాలు జరపాలి. పోటీలో 75 నిమిషాల టైముంది, అరవై షాట్లకి చాలు. తొందర అక్కర్లేదని చెప్పండి, అమ్మాయి వేగం చూస్తే 50 నిమిషాల్లో ముగిస్తోంది.

పర్లాకిమిడి నాన్న | ఆదివారం, మధ్యాహ్నం 2:00

ఏడు కాదు మేడమ్, ఎనిమిది. ఇప్పుడే లెక్కపెట్టాను.

పర్లాకిమిడి నాన్న | రెండు వారాల తర్వాత, శుక్రవారం, రాత్రి 8:30

నిన్న మొదటిసారి పూర్తి అరవై కొట్టించాను. 616.9. పది లోపు రెండే, 9.8, 9.7. రెండూ తనవేనని తనే చెప్పింది. 68 నిమిషాలు పట్టింది.

పెల్లెట్లు ఇప్పుడు తనే దొర్లించుకుంటోంది. రోజూ ప్రాక్టీసుకి ముందు అరవై, మూతలో స్పాంజ్ పరుచుకుని ఒక్కోటీ తల కిందుగా నిలబెడుతుంది. నేను పక్కన కూర్చుంటే "నువ్వు శబ్దం చెయ్యకు నాన్నా" అంటోంది.

ఒక చిక్కు మిగిలింది. ఆ లాట్ మా దగ్గర ఇక డబ్బాన్నరే ఉంది. కొన్న దుకాణంలో అడిగితే అదే సైజు ఉంది గానీ వేరే లాట్. పోటీకి ఇంకా పది రోజులు. ఎవరి దగ్గరైనా ఉందా? చివరి అంకెలు 318.

కాశీనగర్ టెక్సస్ | శనివారం, తెల్లవారుజామున 4:50

బావా, 616.9 అని అక్క ఫోన్ చేసి చెప్పింది, ఇక్కడ పార్కింగ్‌లో కారు ఆపి విన్నాను. వేరే లాట్ అయితే మళ్లీ గొంగడి ముక్కల్లో బిగించి పది కాల్చి చూడకుండా పోటీకి తీసుకెళ్లకండి.

గోపాల్‌పూర్ తీరం | శనివారం, ఉదయం 7:10

318 నా దగ్గర రెండు డబ్బాలున్నాయి, తెరవనివి. నా రైఫిల్‌కి 4.49 పడుతుంది, ఇవి నాకు అక్కర్లేదు. మీరు భువనేశ్వర్ ఏ బండికి వెళ్తున్నారు?

పర్లాకిమిడి నాన్న | శనివారం, ఉదయం 7:25

గుణుపూర్ నుంచి వచ్చే బండి అండీ. గురువారం. మీ మేలు మరిచిపోను, డబ్బులు ఎంతో చెప్పండి.

గోపాల్‌పూర్ తీరం | శనివారం, ఉదయం 7:40

డబ్బులు తర్వాత చూద్దాం. బోగీ నంబరు పంపండి. బరంపురంలో బండి ఆగినప్పుడు కిటికీ దగ్గరికి తెచ్చిస్తాను. బైక్ డిక్కీలో వెయ్యను, ఆటోలో ఒళ్లో పెట్టుకుని వస్తాను. పాపని కూడా కిటికీ పక్కన కూర్చోబెట్టండి, తన చేతికే ఇస్తాను.